లెవీ లేని నాలుగో చోటు

సంపాదకుల వారికి,

మీ పత్రికకు ఇంతకుముందు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ వేయలేదు. అందిందని ఒక ముక్క కూడా రాయలేదు. ఏది ఏ నెలలో పంపానో నాకు గుర్తుంది. ఇలాంటివి నేను మరిచిపోను.

నాలుగింటిలోనూ రాసింది ఒకటే. సౌదీలో పరాయి దేశపు పనివాళ్ల మీద యజమానులు కట్టాల్సిన లెవీని చిన్న సంస్థలకు మాఫీ చేశారు. ఆ మాఫీని పెద్దవాళ్లు తింటున్నారు, గడువు దగ్గరపడితే పొడిగించమని గట్టిగా అడిగేదీ వాళ్లే, పొడిగించడం అన్యాయం అని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ ఒక సంగతి వదిలేశాను. నాలుగుసార్లూ కావాలనే వదిలేశాను. ఇన్నేళ్లుగా అది నాతోనే పడుకుంటోంది, నాతోనే లేస్తోంది. మా ఆవిడకు చెప్పలేదు. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రియాద్‌లో మాది టైల్స్ పని. మా కఫీల్‌కు, అంటే మా వీసా యజమానికి, పెద్ద షోరూం, రెండు గోదాములు. సౌదీ వాళ్లను ఎంతమందిని పెట్టుకున్నారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాఖాత్ వచ్చినప్పుడు కూడా ఆయన భయపడలేదు. లెవీ పెరిగి, తర్వాత చిన్న సంస్థలకు మాఫీ వచ్చినప్పుడు, ఉన్న ఒక్క వ్యాపారాన్ని కాగితాల మీద మూడు చేశాడు. ఒకటి తన పేరున, ఒకటి భార్య పేరున, ఒకటి తమ్ముడి పేరున. జన్మలో టైలు ముట్టుకోని మనిషి ఫుల్‌టైం పనివాడిగా తన పేరు, తోడుగా ఇంకో సౌదీ పేరు రాయించుకున్నాడు. అలా ఒక్కో కాగితం మీద నలుగురు పరాయివాళ్లకు లెవీ ఉండదు. ఆయన పేరున్న కాగితం మీద నేను, గంగారాం, ఒక బంగ్లాదేశీ ఉండేవాళ్లం. నాలుగో చోటు ఖాళీ.

ఆ చోటు మా బామ్మర్ది కోసం నేనే ముందు అడిగాను. ఇది రాసుకోండి. అందరికంటే ముందు అడిగింది నేను. ఆయన "ఇన్షాల్లా" అన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ ఇన్షాల్లా. మూడోసారి అడిగితే ఏ బామ్మర్ది అన్నాడు.

గంగారాం మా జగిత్యాల వైపు వాడే. పేరు మార్చాను, చదివితే తనని తాను గుర్తుపడతాడు. నాకంటే ఆరేళ్లు వెనక వచ్చాడు. చేతిలో నేర్పు ఉంది, కాదనను. పెద్ద హాలులో మొదటి వరస వాడు వేస్తే దారం పట్టి చూడక్కర్లేదు. కానీ నాకు కడుపుమండింది అక్కడ కాదు. పన్నెండేళ్లుగా కఫీల్ నన్ను "సదీఖ్" అనే పిలిచేవాడు. సదీఖ్ అంటే స్నేహితుడని మురిసిపోకండి, దారిన పోయేవాడిని కూడా అలాగే పిలుస్తారు. గంగారాంను మాత్రం నాలుగు నెలల్లో పేరు పెట్టి పిలిచాడు. నా పేరు ఆయనకు తెలుసా? ఇఖామా మీద, ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు మీద, ఉంది కదా, ప్రతి ఏడూ రెన్యువల్ చేయించేవాడు కదా. తెలిసి పిలవలేదా, తెలియకనే పోయిందా? ఈ ప్రశ్నతో నేను ఎన్ని ఇళ్లకు బండలు పరిచానో.

గంగారాం తమ్ముడు సాయిలు నజ్రాన్ దగ్గర ఖర్జూర తోటలో ఉండేవాడు. ఆ తోట యజమాని ఇఖామా రెన్యువల్ చేయించలేదు. ఇఖామా లేకపోతే బజారుకు పోలేడు, ఆసుపత్రికి పోలేడు, ఇంటికీ పోలేడు. ఒకే దేశంలో ఉండి అన్నదమ్ములు ఐదేళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. గంగారాం కఫీల్‌ను ఒక్కసారి అడిగాడు. ఒక్కసారే. మాఫీ గడువు పొడిగిస్తే నాలుగో చోటు నీ తమ్ముడిదే అన్నాడాయన.

అప్పటిదాకా నేను కూడా పొడిగించాలనే కోరుకున్నాను. ఆ రోజు నుంచి పొడిగించకూడదు అన్నాను.

శుక్రవారాలు బతా బజారులో ఖాదర్ భాయ్ మెస్‌లో తినేవాళ్లం. ఆయనది కడప. ఆ నెలల్లో అక్కడ వేరే మాట లేదు. పొడిగిస్తారా, పొడిగించరా. నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి.

"మూడు కార్లున్నోనికి మాఫీ ఎందుకు? గవర్మెంటుకు గా పైసలు కట్టమను. ఆని మీద భారం పడితే ఆనికే తెలుస్తది."

"ఆని మీద పడ్తదా అన్నా? మన మీదనే కదా తోస్తడు," అన్నాడు గంగారాం. "ఆనికి నీడ ఉంటే గా నీడల మనం నలుగురం నిలబడ్తం. ఉండనీయ్."

"మాఫీ అయినంక నీ జీతం పెంచిండా?"

"పెంచలే. నా తమ్మున్ని తెస్తనన్నడు."

అందరూ నవ్వారు. ఖాదర్ భాయ్ నా విస్తట్లో పప్పు పోస్తూ, "ఏం పెద్దాయనా, మొన్నటిదాకా నువ్వే కదప్పా పొడిగించాల, పొడిగించాల అంటాంటివి. ఇప్పుడేమైంది?" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను. గంగారాం నవ్వలేదు. తలవంచుకుని తిన్నాడు. అది నాకు నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

కొన్నాళ్లకు పొడిగించారు. ఆ మధ్యాహ్నం షోరూంలో కఫీల్, నేను ఇద్దరమే ఉన్నాం. ఆయన కళ్లద్దాలు కారులో మరిచిపోయాడు. ఫోను నా చేతికిచ్చి, సాయిలు ఇఖామా నంబరున్న చీటీ ముందు పెట్టాడు. పన్నెండేళ్లలో ఆ మాత్రం అరబీ చదవడం నాకు వచ్చింది.

"చూడు, సదీఖ్. ఇతని మీద హురూబ్ ఏమైనా ఉందా?"

హురూబ్ అంటే పని వదిలి పారిపోయాడని యజమాని పెట్టే కేసు. అది ఉన్నవాణ్ణి ఎవరూ తీసుకోరు. కార్మిక శాఖ పేజీలో నంబరు కొట్టాను. ఇఖామా గడువు తీరింది, పనిలో ఉన్నాడు అని వచ్చింది. హురూబ్ లేదు. గడువు తీరింది కాబట్టి పాత యజమాని ఒప్పుకోకపోయినా మార్చుకోవచ్చు. అంతా సవ్యంగా ఉంది.

"ఉంది, బాబా," అన్నాను.

"వల్లా?"

"వల్లా."

ఆయన దేవుడి మీద పెట్టిన ఒట్టు నాకు తగలదులే అనుకున్నాను. ఎంత తొందరగా అనుకున్నాను! ఆయన ఫోను జేబులో పెట్టుకుని "ఖలాస్" అన్నాడు. అంతే. రెండు మాటలు. ఇంకోసారి చూడమని ఆయన అని ఉంటే చూసి నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు.

గంగారాం నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, మా ఓడు తోటలనే ఉన్నడు, పొద్దుగాలనే మాట్లాడిన. హురూబ్ ఎట్ల పడ్తది? మల్లొకసారి చూడే, నీ కాళ్లు మొక్కుత."

"నా కండ్లతోని చూసిన, తమ్మీ."

వాడు నమ్మలేదు. అనుమానించాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. అబద్ధం చెప్పింది నేను, నన్ను నమ్మలేదని కోపం తెచ్చుకున్నదీ నేనే.

రెండు నెలలకు సాయిలు అరచేతిలో ఖర్జూరపు ముల్లు దిగింది. చెయ్యి మోచేతిదాకా వాచింది. తీసుకుపోవడానికి తోట యజమాని ఒప్పుకోలేదు. నొప్పికి ఆగలేక తోట దాటి రోడ్డెక్కాడు, ఎవరి బండిలోనో ఎక్కి ఊళ్లోకి పోయాడు. ఆ సాయంత్రమే యజమాని హురూబ్ పెట్టాడు. ఆసుపత్రిలో చెయ్యి దక్కింది, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. అక్కణ్ణుంచి పోలీసులు, అక్కణ్ణుంచి డిపోర్టేషన్ జైలు, అక్కణ్ణుంచి ఇల్లు. మళ్లీ రావడానికి లేదు. నేను చెప్పిన అబద్ధం అలా నిజమై కూర్చుంది.

కఫీల్ ఫోనులో హురూబ్ అన్న మాట గంగారాం కళ్లారా చూశాడు, అది ఏ రోజు పెట్టారో అందులో ఉండదు. గోదాములో సంచుల వెనక నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు ముందుగాల్నే జెప్పినవ్. నేనే నిన్ను అనుమానం పడ్డ. తప్పైంది. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోలే, పో," అన్నాను.

వాడి తప్పును నేను క్షమించాను.

నాలుగో చోటులోకి కఫీల్ తన అత్తగారి డ్రైవర్ను తెచ్చుకున్నాడు. మా బామ్మర్ది ఊళ్లోనే ఉన్నాడు. ఆ తర్వాతే మీకు ఉత్తరాలు మొదలుపెట్టాను, న్యాయం గురించి, ఉన్నవాడికి ఇచ్చే మాఫీ గురించి. రాసినంతసేపు నేను మంచివాడిలా ఉండేవాణ్ణి. మాఫీ మొత్తం ఆయన మింగాడు, మిగిలిన ఒక్క చోటు కోసం మేం ఒకరినొకరం పీక్కున్నాం. ఇది నిజమే కదా? అయితే ఆ చోటు మా బామ్మర్దికి వచ్చి ఉంటే మీకు ఒక్క ఉత్తరమైనా రాసేవాణ్ణా? రాసేవాణ్ణి కాదు. అసూయలోంచి పుట్టినంత మాత్రాన ఒక మాట అబద్ధమైపోతుందా? నాకు తేలడం లేదు. కఫీల్‌ను మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు, ఇకమీదటా క్షమించను. నన్ను నేను ఆయన పక్కన నిలబెట్టుకుంటున్నాను, అంతే తేడా.

ఇప్పుడు నేనూ గంగారాం ఇద్దరం ఊళ్లకు వచ్చేశాం. పోయిన నెల వాడికి ఫోన్ చేశాను. చీటీ, కళ్లద్దాలు, వల్లా, అన్నీ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాడు. పెట్టేశాడు. ఆ పూట చాలా ఏళ్ల తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను, అది దాచను. తర్వాత ఆరుసార్లు చేశాను. ఎత్తలేదు. ఇంటికి వెళ్తే సాయిలే తలుపు తీశాడు. అన్న లేడన్నాడు. లోపల గంగారాం దగ్గు నాకు వినిపించింది.

క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. కానీ గంగారాం, విన్నవాడివి ఏదో ఒకటి అనాలి కదా. బూతు తిట్టు. పంచాయితీకి పిలువు. నడిబజార్లో చెప్పుతో కొట్టు. నేను నిజం చెప్పాను, నాకు జవాబు కావాలి. చెప్పు.