డాక్టరు జవాబు

నా పరిశోధన అంశం వినగానే ముఖం తిప్పుకునేవాళ్లను చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఆడవాళ్లు తమ ఒంటి గురించి, కోరికల గురించి పత్రికల్లో డాక్టర్లను ఏమడిగేవాళ్లు అన్నది అంశం. చిత్తూరులో ఒక గ్రంథాలయంలో ముప్పై ఏళ్ల నాటి వారపత్రికలు బైండు చేసి పెట్టారంటే తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్లాను. దుమ్ము దులిపి తెరిస్తే ఏ సంచికలోనూ డాక్టరు జవాబుల పేజీ మాత్రం లేదు. బ్లేడుతో నీటుగా కోసేశారు.

"చిన్నపిల్లోళ్లు వచ్చే చోటు గదమ్మా లోహితా. పత్రిక వస్తానే ఆ పేజీ తీసేసి, మిగతాది బల్ల మీద పెడతా ఉంటిమి," అన్నాడు అక్కడ పనిచేసి రిటైరైన గోవిందస్వామి. పుణ్యకార్యం చేసినట్టే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పేజీలు ఎవరింట్లోనైనా ఉంటే ఫోన్ చేయమని గోడకు కాగితం అంటించి వచ్చాను.

మొదట ఫోన్ చేసింది దిల్షాద్ బీ. చిత్తూరులోనే జాకెట్లు కుడుతుంది. పేజీలు దొరికాయని సంబరపడుతూ వెళ్లాను. ఆవిడ టీ ఇచ్చి, వీధి తలుపు దగ్గరికి వేసి, "తెచ్చినావా పాపా?" అని అడిగింది. కాగితం సంగతి పక్కింటామె చెబితే, పేజీలు నా దగ్గరే ఉన్నాయనుకుందట. ఇద్దరం ఖాళీ చేతులతో ఒకరినొకరు చూసుకున్నాం.

ఆవిడకు కావలసింది ఒకే ఒక్క జవాబు. పెళ్లికి ముందు పక్కింటి అఖ్సా అంటే ఆవిడకు ప్రాణం.

"స్నేహం కాదు పాపా, అంతకన్నా ఎక్కువ. మొగోళ్ల మీదికి నా మనసు పోయేది కాదు. ఇది జబ్బా అని డాక్టరుకు రాసినాను."

పత్రిక కొనే స్తోమత లేక వారం వారం గ్రంథాలయానికి వెళ్లేది. ఆ పేజీ ఉండేది కాదు. ఏమైందని అడగడానికి నోరు రాలేదు. ఈలోగా నాయన ఆమెకు నాయబ్ రసూల్ అనే అతనితో నిఖా ఖాయం చేశాడు. జబ్బయితే పెళ్లితో తగ్గుతుందేమోనని ఒప్పుకుంది. తగ్గలేదు. పిల్లలు కలగలేదు.

"మా ఆయన మంచోడు. ఒక్కనాడూ చెయ్యెత్తలే. పోయినేడు కాలం చేసినాడు. డాక్టరు ఏం చెప్పినాడో తెలుసుకోకుండా నేను పోతే ఎట్ల?"

ఆ తర్వాత నా థీసిస్ కన్నా ఆ జవాబే నాకు ముఖ్యమైపోయింది. పాత కాగితాల అంగళ్లన్నీ గాలించాను. చివరికి చంద్రగిరిలో మునిరామయ్య అనే మాస్టారి అటక మీద దొరికింది. 'డి., చిత్తూరు' అని ఉంది. ప్రశ్న అచ్చంగా ఆవిడదే. సంచిక తేదీ చూశాను. నిఖాకు ముందు నెలది. చూపించాలా వద్దా అని బస్సులో దారి పొడవునా నలిగిపోయాను.

కాగితం చేతికివ్వబోతే, "నువ్వే చదువు," అంది ఆవిడ.

"ఇది జబ్బు కాదు. మీలో ఏ లోపమూ లేదు. ఇష్టంలేని పెళ్లికి ఒప్పుకోవద్దు."

మళ్లీ చదవమంది. చదివాను. అఖ్సాను తలుచుకుని ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ మిషన్ మీద చెయ్యి ఆనించింది.

"పిల్లల్లేరని మా ఆయన రాయవేలూరు దాకా పోయి డాక్టర్లకు చూపించుకున్నాడు పాపా," అంది. "ఏండ్ల తరబడి మందులు మింగినాడు. లోపం తనలోనే ఉండాదని అనుకుంటానే పోయినాడు."