జనరేటర్ గుమ్మం బయటే

మా మావయ్యగారు పోయి నేటికి పన్నెండు రోజులు. పొద్దున్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి జారబడ్డారు. మళ్లీ లేవలేదు. నర్సీపట్నంలో చాలామంది ఆయన్ని పెళ్లిళ్లకి జనరేటర్ అద్దెకిచ్చే మనిషిగా ఎరుగుదురు.

మా ఇళ్లలో కోడలు మావగారితో ఎదురుపడి మాట్లాడదు. ఆయనా నాకు చెప్పాలనుకున్నది మా అత్తయ్యతో చెప్పేవారు. వాకిట్లో జనరేటర్ తుడుస్తూ, "సలికాలంలో దీనికి చోక్ లాగాల. స్టార్టవగానే లైట్లు తగిలించకూడదు, కాసేపు వేడెక్కనియ్యాల," అనేవారు.

"నానేటి, పెళ్లిళ్లకెళ్లి ఇంజిన్ తిప్పుతానేటి? ఇనాల్సినోళ్లు తలుపెనకాల ఇంటన్నారులే," అనేది అత్తయ్య.

పెట్రోలు పోసేముందు ఇంజిన్ ఆపి, అరచెయ్యి దానికి దగ్గరగా పెట్టి చూసేవారు. వేడి తగిలితే పోసేవారు కాదు. ఎన్నిసార్లు చెప్పినా విసుగులేని మాట ఒకటుండేది. "పొగలో కనబడని ఇషం ఉంటాది. నిద్దర్లాగొచ్చి పట్టుకుపోద్ది. మంచైనా వానైనా జనరేటర్ గుమ్మం బయటే."

రెండేళ్ల కిందట మార్గశిరంలో, చింతపల్లి దారిలో కొండమీద మా చుట్టాలింట్లో పెళ్లి. అప్పుడే తెల్లవారుతోంది. మావయ్యగారు పందిట్లో వైర్లు చూసుకుంటుంటే, పెళ్లివారిలో ఒకాయన మంచుకి పాడవుతుందని జనరేటర్ని వసారాలోకి లాగేశాడు. ఆ పక్కగదిలోనే ఆడవాళ్లం పెళ్లికూతురికి జడ వేస్తున్నాం. చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కాసేపటికి నాకు తల బరువెక్కింది. "తల తిరుగుతోందొదినా," అంది పెళ్లికూతురు. ఉపవాసం కదా, అందుకే అన్నారు అందరూ. చప్పుడు మరీ దగ్గరగా ఉందేమిటని నేను తలుపు తీసి చూశాను.

పందిరి నిండా మగవాళ్లు. అప్పటికి నా పెళ్లయి రెండేళ్లయినా ఆయన్ని ఒక్కసారీ పిలవలేదు.

"మావయ్యగారూ, బేగి రండి. ఇంజిన్ లోపలికి తెచ్చీసినారు."

ఆయన పరుగున వచ్చి ఇంజిన్ ఆపారు. మమ్మల్నందర్నీ వాకిట్లోకి నడిపించి, తలుపులూ కిటికీలూ తీయించారు. పెళ్లికూతుర్ని డాక్టరుకి చూపించాకే పీటల మీదికి వెళ్లనిచ్చారు. ముహూర్తం దాటలేదు.

"మావని కేకేసి పిలిసినాది. ఏటి కాలమో," అంది ఒక ముసలావిడ.

మావయ్యగారు అత్తయ్య వైపు తిరిగారు. "కోడలికి సెప్పు. సిగ్గు కొంగు దగ్గరే ఉండాల. గొంతులోకి దిగనీవద్దని."

ఆ తరవాత కూడా మేం నేరుగా మాట్లాడుకోలేదు. ఇద్దరికీ అదే అలవాటు.

నిన్న పెద్దకర్మ. కరెంటు లేకపోతే ఆ జనరేటరే పెట్టాం. మునిమాపువేళ, భోజనాల మధ్యలో పెట్రోలు అయిపోయి లైట్లు ఆరిపోయాయి. మా ఆయన డబ్బా తెచ్చి మూత తిప్పబోయారు.

"సల్లారనీండి," అన్నాను, అందరిముందూ.

"ఇస్తళ్ల ముందు జనాలున్నారే."

"ఉండనీండి."

అరచెయ్యి ఇంజిన్‌కి దగ్గరగా పెట్టాను. మసక చీకట్లో అంతమందీ విస్తళ్ల ముందు కదలకుండా కూర్చున్నారు. చేతికి ఇంకా వేడి తగులుతూనే ఉంది.