ఇటలీతో మాకు కలిసిన వరస

మా నాన్న ఎవరితోనైనా వరస కలపగలడు. హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్లో, బిష్టుపూర్ బజార్లో తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆగిపోయి "ఏ ఊరు బాబూ మీది?" అని మొదలుపెట్టేవాడు. అవతలివాడు శ్రీకాకుళం వైపనో, బరంపురం వైపనో అనేలోపు వాళ్ల మేనత్త తోడికోడలి పుట్టింటివాళ్లు మా అమ్మకి ఏమవుతారో తేల్చేసేవాడు. ఇంకో గంటకి ఆ మనిషి బావో, తమ్ముడో అయిపోయి కద్మాలో మా క్వార్టర్ గుమ్మంలో టీ తాగుతూ కనిపించేవాడు. ఎవరికీ ఏమీ కానివాడు లోకంలో ఉండడని, అడగటం చేతకాక మనమే వదిలేస్తామని ఆయన నమ్మకం.

ఈ విద్యని ఆయన ఫుట్‌బాల్ మీదికి తిప్పింది ఎనభై రెండు వానాకాలంలో. ఆ ఏడు ఇటలీ వరల్డ్ కప్ గెలిచింది. నాన్న అప్పటిదాకా ఒక్క ఆట కూడా పూర్తిగా చూసినవాడు కాదు. ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపి ఇంటికొచ్చాక కాళ్లు చాపుకోవడమే ఆయనకి ఆట. అయినా పేపర్లో ఫలితాలు మాత్రం నా చేత చదివించుకునేవాడు. గోలు ఎలా పడిందో చెప్పబోతే విసుక్కునేవాడు.

"ఎలగ కొట్టినాడో నాకెందుకురా? ఎవుడు ఎవుడ్ని కొట్టినాడో సెప్పు."

చెప్పాను. ఆ కప్పులో ఇటలీ అర్జెంటీనాని, బ్రెజిల్ని, పోలండ్‌ని, పడమటి జర్మనీని ఒకరి తర్వాత ఒకరిని కొట్టింది. పాత క్యాలెండర్ కాయితం తిరగేసి, ఇటలీ కింద ఆ నలుగురి పేర్లూ నా చేతే రాయించాడు. మరి ఇటలీ పైన ఎవరు? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండే తీరాలన్నది ఆయనకి తెలిసిన ఒకే ఒక్క ఫుట్‌బాల్ శాస్త్రం. ఆయనతో పనిచేసే ఒక బెంగాలీ ముసలాయనకి పాత ఫలితాలన్నీ కంఠతా వచ్చు. ఎప్పుడో ఒక వరల్డ్ కప్పులో ఉత్తర కొరియా ఇటలీని ఓడించి ఇంటికి పంపిందని ఆయనే చెప్పాడు. అంతకు ముందెప్పుడో ఆసియా ఆటల ఫైనల్లో మన ఇండియా దక్షిణ కొరియాని ఓడించిందని కూడా ఆయనే చెప్పాడు.

"అవి రెండు వేరే వేరే దేశాలు నాన్నా" అన్నాను.

"ఇంటిపేరు ఒకటే కదేటి? అన్నదమ్ములు గోడ కట్టుకున్నంత మాత్రాన వరస మారిపోద్దేటిరా?"

ఇటలీ పైన కొరియా, కొరియా పైన ఇండియా రాశాను.

అలా ఇండియా ఇటలీ నెత్తి మీదికి ఎక్కింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగి మీసం తిప్పుకునేవారు. నాన్న ఆగలేదు. కిందటి చలికాలంలో మా కద్మా తెలుగు కుర్రాళ్ల జట్టు బిష్టుపూర్ దుకాణాలవాళ్ల జట్టుని ఒక్క గోలుతో గెలిచింది. వాళ్లలో ఒక బట్టల కొట్టాయన వయసులో ఉండగా ఇండియాకి ఆడాడు. బొజ్జతో మాతో పాటు ఇరవై నిమిషాలు పరిగెత్తి, మోకాలు పట్టుకుని వెళ్లి కూర్చున్నాడు.

"ఇండియా సొక్కా ఏసుకున్నోడు మీ సేతిలో ఓడినాడా, నేదా?"

"ఓడాడు."

"అయితే ఇండియా ఓడినట్టే. రాయి."

కాయితం మీద అన్నిటికన్నా పైన మా జట్టు పేరు రాశాను. ఆ జట్టుకి గోల్‌కీపర్ని నేనే. లోకంలోకెల్లా గొప్ప జట్టుకి గోల్‌కీపర్ని, కాంట్రాక్టరు పిలిచిన రోజు పనికి వెళ్లి పిలవని రోజు మంచం మీద ఉండేవాణ్ని. నాకు నవ్వు ఆగలేదు. నాన్న మాత్రం నవ్వలేదు. కాయితాన్ని దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించి, ఆ రోజు నుంచి మా జట్టుని ఎవరితోనూ ఆడొద్దన్నాడు.

"ఒక్కటి ఓడితే సాలు. మన్ని కొట్టినోడు మన నెత్తి మీద కూకుంటాడు. బ్రెజిల్‌ని కూడా ఆడే అట్టుకుపోతాడు."

జట్టులో సగం మందికి ఆయన మావ, మిగతా సగానికి పెదనాన్న. వరసలు కలిపిందీ ఆయనే. ఇక కాదనేదెవరు? మూడు నెలల పాటు పొద్దున్నే లేచి పరిగెత్తాం, బంతి తన్నుకున్నాం, ఎవరితోనూ ఆడలేదు. ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టిన మొనగాడు మాకన్నా నయం. వాడు ముసలమ్మనైనా కొట్టాడు.

అంతలో ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ నుంచి కబురొచ్చింది. అక్కడొక చిన్న వర్క్‌షాపు యజమానికి సొంత జట్టుంది. వాళ్ల గోల్‌కీపర్ చెయ్యి విరిగింది. ఆదివారం మా జట్టు వచ్చి వాళ్లతో ఆడాలి, నా ఆట నచ్చితే షాపులో పర్మనెంటు ఉద్యోగం ఇస్తానన్నాడు. నాకప్పుడు ఇరవై మూడు. ఆ ఉద్యోగం మీద ఎంత ఆశ పడ్డానంటే ఆదివారం దాకా రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

"ఉజ్జోగం ఇయ్యాల కాపోతే రేపొత్తాది. పెపంచం ఒకసారి పోతే మళ్లీ వత్తాదేటి?" అన్నాడు నాన్న.

నాకు కోపమొస్తే నోట్లోంచి హిందీ ఊడిపడుతుంది. "హమ్ ఖేలేంగే. బస్" అన్నాను, ఆడతాం, అంతే అని.

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఆడన్నదాన్లో తప్పేటుంది? ఆ ఇటలీవోడు మనకి బియ్యం పంపుతన్నాడేటి?"

నాన్న ఆ కాయితం వంక చూశాడు. "పాతికేళ్లుగా క్రేను మీద కూకుంటన్నాను" అన్నాడు. "కంపెనీలో అందరికన్నా ఎత్తున కూకునేది నేనే. కిందనున్న పెతీవోడూ సెయ్యూపి నాకు సెప్పీవోడే. ఎత్తు, దించు, ఆపు. ఒక్క ఈ కాయితం మీదేరా మన పైన ఎవుడూ నేడు."

సిగ్గేసింది. ఆయన్ని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. అయినా ఆదివారం ఆడతాననే చెప్పాను.

ఆదిత్యపూర్‌లో ఆ మైదానం ఇనప తుక్కు పోగుల పక్కనే ఉండేది. ముసురు పట్టి నేలంతా బురద. నాన్న గొడుగేసుకుని వచ్చి, వలలేని నా గోలు వెనక నిలబడ్డాడు. సగం ఆట అయ్యాక "ఇంకా అవనేదేటి?" అని అడిగాడు. రెండు వైపులా ఒక్క గోలూ పడలేదు. ఆ రోజు నా చేతులు నా చేతుల్లా లేవు, వచ్చిన ప్రతి బంతీ అంటుకుపోయింది. యజమాని రేకుల కింద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. నేనొక బంతి ఆపినప్పుడల్లా ఆయన ముఖం మాడిపోతోంది. నాన్న బంతిని చూడ్డం మానేసి ఆ ముఖాన్నే చూస్తున్నాడు.

ఇంక రెండు నిమిషాలుందనగా వాళ్లకి పెనాల్టీ వచ్చింది. వాళ్ల కెప్టెన్ బంతికి బురద తుడుస్తున్నాడు. నాన్న స్తంభం దగ్గరికి వచ్చి గొడుగు వంచాడు.

"ఒగ్గీరా."

"ఏంటి? వదిలెయ్యడమా?"

"బంతి ఒగ్గీ. యజమానిని ఓడించినోడికి ఉజ్జోగం ఎవుడిత్తాడు? ఒగ్గీ."

"మరి ఇటలీ?"

"పోనీ."

నేను గీత మీదికి జరిగాను. ఆయన గొంతు సవరించుకుని, "బ్రెజిల్ కూడా పోనీరా" అన్నాడు.

విజిల్ మోగింది. బంతి ఎడమ వైపు నేలని రాసుకుంటూ వచ్చి నాన్న కాళ్ల దగ్గర ఆగింది. నేను బురదలో బోర్లా పడి ఉన్నాను. ఒక్క గోలుతో ఓడిపోయాం. యజమాని కుర్చీలోంచి లేచి, నవ్వుతూ వచ్చి నా వీపు తట్టి సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

ఇంటికి వెళ్లగానే నాన్న కాయితం చింపేస్తాడనుకున్నాను. ముట్టుకోలేదు.

"ఓడిపోయాం కదా" అన్నాను.

"ఎవుడోడినాడు? ఒగ్గీసినాం. పిల్లడి ఆకులో మన ముద్ద ఎడితే ఆడు మన్ని గెలిసినట్టేటి?"

ఆ తర్వాత వరస కలిసిన ప్రతి ఇంట్లోనూ అదే చెప్పాడు. "నేను ఒగ్గీమన్నాను, మావోడు ఒగ్గీసినాడు, తండ్రి మాట జవదాటనేదు, నేకపోతే ఆ బంతి ఎక్కడికి పోద్ది?" చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. రిటైరైనా, క్వార్టర్ మారినా ఆ కాయితం మాతోనే వచ్చింది. ఆయన పోయిన రోజు కూడా గోడ మీదే ఉంది, పైన మేము, మా కింద ఇండియా, కొరియా, ఇటలీ, దాని కింద ఆ నలుగురూ.

నేను ఆ వర్క్‌షాపులోనే పనిచేసి, పిల్లల్ని చదివించి, జుట్టు తెల్లబరుచుకున్నాను. ఒక్క మాట మాత్రం నాన్నకి చెప్పలేదు. నేను ఆ బంతి వదలలేదు. ఆయన "బ్రెజిల్ కూడా పోనీ" అన్నాక ఆ ముఖం చూసి వదలడం నా వల్ల కాలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దూకాను. అందలేదు. కొట్టినవాడు బాగా కొట్టాడు. ఆయన బతికుండగా ఈ సంగతి బయటపెడితే ఆ పూట మేం నిజంగానే ఓడిపోయినట్టు తేలేది, ఇటలీ, బ్రెజిల్, అన్నీ ఆదిత్యపూర్ వాళ్లకి పోయేవి.