పాకిన రంగు

నా చిన్నప్పుడు మా పెడనలో పాకడమనే మాట రోజంతా వినబడేది. పందిట్లో సొరపాదు పాకితే అమ్మ మురిసిపోయేది. తమ్ముడు పాకుతూ గడప దాటితే గారెలు వండి పంచింది. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే గానీ, ఆ మాటకున్న అర్థాలన్నీ ఇంటి చుట్టూనే తెలిశాయి.

అద్దకం షెడ్డులో మాత్రం అది చెడ్డమాట. నల్లరంగులో తుమ్మజిగురు పడకపోతే అచ్చు వేయగానే గీత చెదిరి పాకుతుంది, గుడ్డ ఎందుకూ పనికిరాదు. మా తాతయ్య రంగులు కలిపేవాడు, నాన్న అచ్చులు వేసేవాడు. తాతయ్య కలిపిన రంగు పాకదని ఊళ్ళో పేరు.

తమ్ముడు గడప దాటిన ఏడే, వానల్లో వీధి వీధికీ జ్వరాలు పాకాయి. తమ్ముడు పోయాడు. ఇంకా ఇంట్లో ఏడుపు ఆగకముందే నాన్న పనిలోకి వెళ్ళాడు. మానేస్తే ఆ చోట ఇంకొకరు కూర్చుంటారు మరి. అమ్మకు రెండు ముద్దలు తినిపించి తాతయ్యా నేనూ షెడ్డుకు వెళ్ళేసరికి ఆలస్యమైంది. నాన్నే రంగు కలుపుకుని అచ్చులు వేసేస్తున్నాడు. గుడ్డ మీద పువ్వులన్నీ మసిమరకల్లా ఉన్నాయి. నాన్నకు అవి కనబడటమే లేదు.

అంతలో షెడ్డు షావుకారు వచ్చాడు. “ఎవడయ్యా ఈ రంగు కలిపింది? వాడు రేపట్నుంచి గుమ్మం తొక్కక్కర్లేదు!”

నాన్న తలెత్తేలోపే తాతయ్య అన్నాడు, “నేనేనండీ. చూపు ఆనట్లేదు, జిగురు మరిచాను.”

“నువ్వా పెద్దాయనా! ఇంక ఇంటిపట్టున ఉండు.”

ఇంటిదారిలో ఉండబట్టలేక తాతయ్యను అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పావని.

“నోర్ముయ్యవే. బిడ్డ పోయినోడికి చేతిలో పని కూడా పోతే ఎట్టా బతుకుతాడు?”

సాయంత్రానికల్లా తాతయ్యకు చూపు పోయిందన్న కబురు ఊరంతా పాకింది. ఆయన కాదనలేదు. కాలవ వంతెన మీద ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకుంటే, అన్నీ కనబడుతున్నా ఆ చెయ్యి పట్టుకునే దాటేవాడు. మళ్ళీ రంగు ముట్టుకోకుండానే పోయాడు.

ఇన్నేళ్ళకు నేనూ అత్తనయ్యాను. నాది కఠినమైన నోరంటారు మా కోడళ్ళు. మెతుకు పారేసినా ఊరుకోను, నిజమే. మొన్న పెద్దకోడలు, వాళ్ళమ్మ చనిపోయిన వారంలోనే, పొయ్యి మీద పాలన్నీ మాడబెట్టింది. మావాడు కేకలేస్తే, “దాన్నేమీ అనకు, నేనే చూసుకోలేదురా” అన్నాను. ఆ గిన్నె కూడా నేనే తోముకున్నాను.