సొర నూనె పట్టించిన తోలు కోటు

మా ఆయన బండి మీద నుంచి పడ్డప్పటి నుంచీ నాకు వాన చప్పుడు వింటే భయం. పోర్ట్‌బ్లెయిర్‌లో వాన ఏడాదిలో సగానికి పైగా ఉండేదే కాబట్టి నా భయానికి సెలవులు తక్కువ. ఆయన ఉద్యోగం చిడియాటాపు దారిలో ఒక చిన్న రిసార్ట్‌లో, జనరేటర్లూ నీళ్ళ మోటార్లూ చూసుకోవడం. బర్మానాలా దాటాక ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అడవి, మలుపు మలుపుకీ తడి ఆకులు. ఆ ఆకుల మీదే చక్రం జారింది. ఎముకలు విరగలేదు గానీ మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. రోజూ కట్టు విప్పి ఆ గాయం కడిగింది నేనే. అంటుకుపోయిన గుడ్డ ఊడదీస్తుంటే ఆయన పళ్ళు బిగబట్టేవాడు, నేను ఏడ్చేదాన్ని.

బండి అమ్మెయ్యమన్నాను.

"అమ్మేసి ఈదుకుంటూ ఎల్లనా డ్యూటీకి?" అన్నాడు.

ఆయన షిఫ్టులకి సరిపడే బస్సు లేదన్నది నిజమే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండింది, అంతే. అప్పుడే మెయిన్‌లాండ్‌కి బదిలీ అయి సామాన్లు అమ్ముకుంటున్న ఒక నేవీ కుటుంబం దగ్గర బండి మీద వేసుకునే తోలు కోటూ, తోలు ప్యాంటూ దొరికాయి. ఎవరో తొడిగి విడిచినవే, కానీ మోచేతుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా మందంగా గట్టిగా ఉన్నాయి. భుజాల మీదా తొడల పక్కనా ప్యాంటు జిప్పు దగ్గరా కుట్లు వదులైతే బజారులో చెప్పులు కుట్టే భయ్యా చేత మైనం రాసిన నూలు దారంతో మళ్ళీ కుట్టించాం. ఇవి తొడుక్కోకపోతే గడప దాటనివ్వనన్నాను. ఆయన నవ్వాడు గానీ తొడుక్కున్నాడు.

ఈ దీవుల్లో తోలుని కాపాడుకోవడం చంటిపిల్లని సాకినట్టే. రెండు రోజులు పట్టించుకోకపోతే పచ్చగా బూజు పట్టేస్తుంది. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఉప్పూ బురదా తుడవాలి. ఎండలో వేస్తే బిరుసెక్కి పగులుతుంది, అందుకని నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఆరాక తోలు క్రీము రాసి అలమారాలో, చిన్న బల్బు వెలుగుతూ ఉండే అరలో పెట్టాలి. ఆ నేవీ ఆవిడ చెప్పిందల్లా తు.చ. తప్పకుండా చేసేదాన్ని. ప్రతిసారీ అతుకుల వెంట వేలితో తడిమి చూసేదాన్ని, ఆయన చర్మాన్నే తడుముతున్నట్టుండేది.

మా అత్తకి ఈ తతంగమంతా చోద్యంగా ఉండేది. ఆవిడ పుట్టిందీ మెట్టిందీ చేపల వేట మీద బతికే ఇళ్ళే. కరెంటు పోయి బల్బు ఆరిపోయి, కోటుకి మళ్ళీ బూజు పట్టిన వారం ఆవిడకి ఓపిక నశించింది. నేను డైరీ ఫార్మ్ పేటలో ఉన్న మా పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి కోటూ ప్యాంటూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఇల్లంతా నీచు కంపు.

"ఏం రాసేవత్తా?"

"సొర నూని. డుంగీకి రాసీదాన్ని కదా. ఉప్పు నీరు నోపలికి ఎల్లదు, బూజు అంతకంటే రాదు. నీ క్రీములెందుకే పిల్లా, డబ్బు దండగ."

డుంగీ అంటే వేటకి వెళ్ళే మా చెక్క పడవ. సొర చేప కాలేయం కాచి తీసిన నూనె పడవ చెక్కకి పట్టించడం మావాళ్ళందరికీ అలవాటే. కంపు సంగతి పక్కన పెడితే తోలు మెత్తబడింది, బూజు మాయమైంది. ఆయన ఎక్కడ బండి ఆపినా పిల్లులు వచ్చి చుట్టూ తిరిగేవి. రిసార్ట్‌లో అందరూ ఏడిపిస్తున్నారని గొణుగుతూనే, ఒంటికి హాయిగా ఉందని అదే తొడుక్కునేవాడు. నెలకోసారి మా అత్త గిన్నె పట్టుకుని కూర్చునేది. అతుకుల దగ్గర ఇంకాస్త ఎక్కువ పోసి బొటనవేలితో రుద్దేది, నీళ్ళు దూరేది అక్కడే అని.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కోటు మాత్రం తొడుక్కుని వెళ్ళాడు. ముందురోజు తడిసిన ప్యాంటు ఇంట్లోనే ఆరుతోంది. దాన్ని తుడుస్తూ తొడ పక్క అతుకు మీద అలవాటుగా వేలు పెట్టాను. వేలు లోపలికి దిగిపోయింది. లాగి చూస్తే జానెడు మేర విడిపోయింది, తెగిన చప్పుడు కూడా లేదు. దారం మురిగిన పీచులా చేతికి వచ్చింది. జిప్పు పక్కన నూనె తగలని చోట అదే భయ్యా, అదే దారంతో వేసిన కుట్టు ఇనుములా ఉంది. కోటు భుజాలకీ అదే దారం, అదే నూనె.

బయట వాన మొదలైంది. ఫోన్ చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. ఆ దారిలో సిగ్నల్ ఎప్పుడూ అంతే. రిసార్ట్‌కి చేస్తే గేటు దగ్గర అతను ఎత్తాడు.

"భయ్యా తో కబ్‌కా నికల్ గయే, దీదీ."

అంటే ఎప్పుడో బయల్దేరాడు. అప్పటికే ఇల్లు చేరాల్సిన వేళ దాటిపోయింది. ఈసారి పడితే కోటు చెయ్యి ఊడి రోడ్డు మీద ఉంటుంది, లోపల ఉన్న చర్మం మళ్ళీ రోడ్డుకి తగులుతుంది. ఇది ఒంటి మీద ఉందన్న ధైర్యంతో మలుపుల్లో బండి ఇంకాస్త జోరుగా తోలుతున్నాడేమో. ఆ ధైర్యం ఇచ్చింది మేమే. ఆటో పట్టుకుని ఎదురెళ్దామంటే ఏ సందులోంచి వచ్చి నన్ను దాటిపోతాడో తెలీదు. గుమ్మంలో నిలబడి మా డిగ్నాబాద్ సందు మొదలు కేసి చూస్తూనే ఉన్నాను.

మా అత్త వచ్చి గడప మీద కూర్చుంది. "వచ్చీస్తాడే. వాన కదా, ఎక్కడో ఆగుంటాడు," అంది. ఆవిడ నిబ్బరం చూసి నాకు తిక్క రేగింది. ప్యాంటు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాను.

"చూడు. నీ నూనెకి దారమంతా కుళ్ళిపోయింది. కోటు కూడా ఇలాగే ఉంటుంది. ఆయనకేమన్నా అయితే నీ వల్లే."

నోటికొచ్చింది అనేశాను. ఆవిడ మురిగిన దారం ముక్క తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా వాన కేసే చూశాం. మా మామ వేటకి వెళ్ళి తిరిగి రాని రోజున కూడా ఆవిడ ఇదే గడప మీద కూర్చుందట. అది నా పెళ్ళికి చాలా ముందు మాట.

సందు మొదట్లో బండి చప్పుడు వినబడ్డాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనే. నిలువెల్లా తడిసి, దెబ్బ లేకుండా.

"రంగాచాంగ్ దగ్గర చెట్టు పడి రాస్తా బంద్. ఫోన్ తడిసి ఆఫైపోనాది," అన్నాడు, ఏమీ జరగనట్టు.

కోటు విప్పించి భుజం దగ్గర వేళ్ళు పెట్టాను. నా చెయ్యి మొత్తం అవతలికి దూరింది. ఆయన దాన్ని చూసి, నా మొహం చూసి, ఏదో జోక్ వెయ్యబోయి మానేశాడు. తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లో టీ పెడుతుంటే మా అత్త వచ్చి నా వెనక నిలబడింది. "పోనీలే అత్తా, క్షేమంగా వచ్చాడు కదా," అన్నాను.

"ఆ డుంగీకి కూడా నానే రాసీదాన్నే," అందావిడ.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ మావ డుంగీకి. ఏటేటా వానలకి ముందు నానే రాసీదాన్ని. ఆకరికి పలకలే దొరికినాయి, దేనికదే."

"సముద్రం ముందు ఏ పడవైనా ఎంతత్తా. సొర నూనె చెక్కకి మంచిదే. మావాళ్ళంతా రాసేవాళ్ళు."

"సెక్క గురించి కాదే పిల్లా," అంది. ఆ దారం ముక్క ఇంకా ఆవిడ వేళ్ళ మధ్యే ఉంది. "పలకకీ పలకకీ మద్దిన నూలు కూరీవోళ్ళు. నీళ్ళు దూరేది అక్కడే అని నాను అక్కడే ఎక్కువ పోసీదాన్ని. నూలు గురించి అడుగుతున్నాను."