ప్రభాకర్ సారు గదిలో సిరిసిల్ల స్టేషన్

బాలకిషన్ కోరుట్లలో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. బతుకుదెరువుకు వినాయక మండపాల్లో థర్మాకోల్‌తో కొండలు, గుహలు కట్టడం మొదలుపెట్టాడు. అలాంటి ఒక కొండను చూసి జగిత్యాల నుంచి ప్రభాకర్ సారు అతన్ని పిలిపించాడు.

ప్రభాకర్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మేడమీది గదిలో రెండు మంచాలంత బల్ల వేయించి, దానిమీద గుండ్రంగా చిన్న పట్టాలు పరిచాడు. జానెడు బోగీలు, కరెంటుతో నడిచే ఇంజను. రైలు బాగానే తిరుగుతోంది గానీ చుట్టూ ఉత్త చెక్క.

"దీనిమీద నాకు సిరిసిల్ల కావాలె. మానేరు వాగు, వంతెన, స్టేషను," అన్నాడు ప్రభాకర్.

"సిరిసిల్లకు ఇంకా రైలే రాకపాయె గద సారూ. స్టేషను ఎట్లుంటదో ఎవలకు ఎరుక?"

"లైను ఏస్తున్నరు గద. అది అచ్చేదాంక నేను ఆగలేను. నేను చెప్త, నువ్వు చెయ్యి."

ఆ చెప్పడంతోనే బాలకిషన్‌కు తల తిరిగిపోయింది. మొదట మానేరు నిండుగా పారాలన్నాడు. బాలకిషన్ అద్దంలా గడ్డకట్టే రసాయనాన్ని పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొర ఆరడానికి రోజంతా కాచుకుని నీళ్లు తయారుచేశాడు. తీరా చూసి, "నా చిన్నతనంల ఎండకాలమంత ఇసుకే గదనయ్యా," అన్నాడు ప్రభాకర్. బాలకిషన్ దాన్నంతా ఉలితో పెకలించి, ఇసుక జల్లెడపట్టి పరిచాడు. వారం తిరక్కుండానే, "ఇప్పుడైతే నీళ్లుంటున్నయి," అన్నాడు సారు.

బాలకిషన్ ఉలి కింద పడేశాడు. "సారూ, ఏ సంవత్సరం మానేరు కావాల్నో ఒక్కటి చెప్పుండ్రి. మీ చిన్నప్పటిదా, ఇప్పటిదా?"

"సగం సగం పెట్టు," అన్నాడు ప్రభాకర్.

చెట్లకు కొబ్బరి పీచు, ఆకులకు రంగు కలిపిన రంపపు పొట్టు, కొమ్మలకు పాత మోటార్ల రాగితీగ. అంతా బాలకిషన్ తన చేత్తోనే చేశాడు. మట్టితో మేకల మంద చేసి పెడితే ప్రభాకర్ స్కేలు తెచ్చి కొలిచాడు. "మనిషి రెండు సెంటీమీటర్లుంటే మేక గూడ రెండేనా? ఇది మేకనా, బర్రెనా?"

ఆయన అన్నది నిజమే. బాలకిషన్‌కు ఒళ్లు మండింది కూడా అందుకే.

"రోజూ తిట్టుకుంట అస్తవు, తెల్లారంగనే మళ్ల బస్సెక్కుతవు. ఏందో నీ పని," అనేది ఇంట్లో భార్య రేణుక.

ఇక సారు మాటలు నమ్ముకుంటే పని కాదని, బాలకిషన్ ఒకరోజు తనే సిరిసిల్ల వెళ్లాడు. మానేరు దాటే తంగళ్ళపల్లి వంతెన మీద నిలబడ్డాడు. మరమగ్గాల రేకుల షెడ్ల మధ్య సాయంత్రం దాకా తిరిగాడు. తిరిగొచ్చి, ఎవరినీ అడక్కుండా స్టేషన్ పక్కన రెండు షెడ్లు, ఒక చాయ్ హోటలు, ఒక వేపచెట్టు పెట్టాడు.

ప్రభాకర్ అక్క కొమురవ్వ సిరిసిల్ల నుంచి చూడటానికి వచ్చింది. తమ్ముడు సంబరంగా మీట నొక్కాడు. రైలు వంతెన దాటింది, స్టేషన్ దగ్గర మలుపు తిరిగింది. బోగీ మూల ప్లాట్‌ఫారానికి కొట్టుకుంది. మూడు బోగీలు ఒరిగి, వేపచెట్టునూ చాయ్ హోటలునూ ఊడ్చుకుపోయాయి.

"కొలిచినవా అసలు?" అన్నాడు ప్రభాకర్.

"నిన్న ప్లాట్‌ఫారం పట్టాల దగ్గరికి జరుపుమన్నది మీరే గదా!" బాలకిషన్ గొంతు పెరిగింది. "జరుపుమంటరు, తీయమంటరు, మళ్ల పెట్టమంటరు. మీ సిరిసిల్ల మీరే కట్టుకోండ్రి. నేను పోతున్న!"

సంచీ భుజాన వేసుకున్నాడు. కొమురవ్వ కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది. "చిన్నప్పటి సంది వీడు గంతే కొడుకా. మగ్గం ఎట్ల నడపాల్నో మా నాయినకే చెప్పేటోడు." తర్వాత బల్లమీదికి వంగి, "గీ షెడ్డు కాడ నిలబడ్డది ఎవలు?" అంది.

"తంగళ్ళపల్లి దిక్కుకెల్లి ఒకామె సద్ది మూట పట్టుకొని నడిచి అస్తుండె. చూసి చేసిన," అన్నాడు బాలకిషన్, ఇంకా కోపంగానే.

"మా అవ్వ నాయినకు సద్ది తీస్కొని గిట్లనే అచ్చేది," అంది కొమురవ్వ. ఆ వేలెడు కూడా లేని బొమ్మను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రభాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాలకిషన్ సంచీ దించాడు. ప్లాట్‌ఫారం అంచును అంగుళం మేర కోసి, బోగీలు, వేపచెట్టు, హోటలు నిలబెట్టి, రైలు మళ్లీ నడిపించాడు. ఈసారి ఎక్కడా తగల్లేదు.

రైలు మూడో చుట్టు తిరుగుతుండగా ప్రభాకర్ చిన్నగా దగ్గాడు.

"అంత మంచిగనే ఉన్నది. కానీ అవ్వ సద్ది ఎడమ చేత్తోని పట్టేది."

బాలకిషన్ పళ్లు కొరుక్కుంటూ పట్టకారు అందుకున్నాడు.