చెట్టుకు ఆనించిన చీపురు

ముందు ఆ మాట చెప్పేస్తాను, లేకపోతే మిగతాది సరిగ్గా చెప్పలేను. నేను బీఏ పాసయ్యాను. మా ఇంట్లో బీఏ సంగతి అటుంచండి, పదో తరగతి పుస్తకం ముట్టుకున్నవాళ్ళే లేరు. నాన్న ఇప్పటికీ సంతకానికి బొటనవేలు చాపుతాడు. అమ్మ బస్సు మీద బోర్డు చదవలేదు, బస్సు రంగు చూసి ఎక్కుతుంది. ఆ ఇంట్లోంచి జగదల్‌పూర్ వెళ్ళి, మూడేళ్ళు హాస్టల్లో ఉండి, ఆఖరి ఏడాది ఇంగ్లీషు పేపరు తప్పి, సప్లిమెంటరీ రాసి, ఆ ఫలితం కోసం కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నెలల తరబడి నిలబడి, చివరికి పాసయ్యాను.

మార్క్‌షీటు చేతికొచ్చినప్పుడు కిటికీ అవతలి గుమాస్తా బాబు హిందీలో, మిఠాయి ఎప్పుడు పెడతావని అడిగాడు. మా అమ్మకు పెట్టాకే ఎవరికైనా అన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

అమ్మ నన్ను రావద్దనే చెప్పింది. నాలుగు రోజుల ముందు సంతకు వచ్చినప్పుడు అన్న ఫోన్లోంచి మాట్లాడింది. ఎండలు ముదురుతున్నాయి, అడవిలో దోమలు, నువ్వు అక్కడే ఉండు, మేమే చెరువు కాడి ఇప్పపువ్వు మకాం ఎత్తేసి ఇంటికొచ్చాక కబురు చేస్తాం అంది. నాకు ఎంత ముద్దొచ్చిందో ఆ మాట. ఎండలో పుట్టి ఎండలో పెరిగినదాన్ని, మూడేళ్ళు ఫ్యాన్ కింద కూర్చునేసరికి అమ్మకు నేను సుకుమారంగా కనిపిస్తున్నానని నవ్వుకున్నాను.

దోర్నపాల్‌లో దిగి, తెలుగు సేఠ్ దుకాణంలో బూందీ లడ్డూలు కట్టించుకున్నాను. అక్కడి నుంచి మా ఊరికి ఆటో, ఊరి నుంచి చెరువుకు నడక. నాన్న గొడ్ల కోసం ఊళ్ళోనే ఉండిపోయాడు. కాగితం తిప్పి తిప్పి చూసి, తలకిందులుగా పట్టుకునే, మంచిగుంది అన్నాడు. చెరువు కాడికి రేపు పొద్దున పోవచ్చు కదా అని కూడా అన్నాడు. అది నేను వినిపించుకోలేదు.

ఆ చెరువు గురించి చెప్పాలి. చిన్నది. ఒక గట్టున నిలబడి పిలిస్తే రెండో గట్టున పలుకుతారు. చుట్టూ అడవి, నీళ్ళ చుట్టూ ఇప్పచెట్లు. ఏడాదంతా అక్కడ ఎవరూ ఉండరు. ఇప్పపువ్వు రాలే కాలంలో మాత్రం మా ఊరి నుంచి ఆరేడు ఇళ్ళవాళ్ళం వెళ్ళి మూడు వారాలు మకాం వేస్తాం. ఆకు గుడిసెలు, మూడేసి రాళ్ళ పొయ్యిలు, పువ్వు ఎండబెట్టడానికి చాపలు. పువ్వు తెల్లవారుజామునే రాలడం మొదలవుతుంది. ఆలస్యంగా లేస్తే ఎలుగుబంటి మనకన్నా ముందు తినిపోతుంది, అందుకే చెట్ల దగ్గరే పడుకోవాలి. చిన్నప్పుడు నాకు పండగంటే అదే. బడికి సెలవులు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మూడు వారాలు నేను చెరువు దగ్గరే.

ఏ చెట్టు ఎవరిదో కాగితం మీద ఉండదు. ఏ ఇంటికి ఏ చెట్లన్నది పాత మాట. ఇంట్లో ఏ చెట్టు ఎవరు ఊడ్వాలన్నది ఆ ఇంటి పెద్దావిడ మాట. చెట్టు ఇచ్చారంటే, దాని కింద రాలిన ఆకులు కాల్చి, నేల నున్నగా ఊడ్చి, చుట్టూ బూడిదతో గీత గీసి, చీపురు మొదలుకు ఆనించాలి. ఇక ఆ ఏడు ఆ పువ్వు వాళ్ళది. గీత దాటి లోపలికి రావాలంటే అడగాలి. సొంత చెల్లెలైనా, తల్లైనా అడిగే వస్తుంది. మరొకరు ఊడ్చిన నేల మీద పువ్వు ఏరడాన్ని మావాళ్ళు దొంగతనం అని కూడా అనరు. దొంగ కనీసం భయపడతాడు అంటారు.

మా ఇంటికి రెండు చెట్లు. పెద్దది అమ్మది. నీళ్ళ పక్కనున్న రెండోది నాది. నానమ్మ తను ఊడ్చే చెట్టును నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇచ్చింది. నా చేతికి సరిపోయేంత చీపురు కట్టి, దీని పువ్వు తియ్యగుంటది, దీన్ని ఇడువకు అంది. నానమ్మ పోయాక కూడా ప్రతి ఏడూ నేనే ఊడ్చాను. పోయినేడు మాత్రం పరీక్షలు అడ్డమొచ్చాయి. ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు అమ్మ, "నీ చెట్టు నేను సూసుకుంట. నువ్వొచ్చేదాక అది నీదే. నువ్వు పోయి పరీచ్చ రాయి" అంది. ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో. తప్పిన పేపరుకు మళ్ళీ చదువుతున్నప్పుడు కూడా, పాసై ఆ చెట్టు కిందికి వెళ్ళి కూర్చోవాలని అనుకుంటూ చదివాను. నవ్వకండి, నిజంగానే.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా చెరువు చేరాను. అందరికన్నా ముందు అన్న చూశాడు. చేతిలో కట్టెలు కింద పడేసి, ఏంది ఇట్లొచ్చినవ్ అన్నాడు. పాసయ్యానని అరిచాను. అంతే, గుడిసెల్లోంచి అందరూ వచ్చేశారు. చేతులు చీరలకు తుడుచుకుని మరీ మార్క్‌షీటు పట్టుకున్నారు. ఎర్ర ముద్ర దగ్గర వేలు పెట్టి చూశారు. అన్న పెళ్ళి పోయిన ఎండాకాలమే అయింది. కొత్త వదిన ఇంకా మాకు అలవాటు కాలేదు, అందరి వెనక నిలబడి లడ్డూ తీసుకుని కొంగులో దాచుకుంది. మకాంలో అందరికన్నా పెద్దది మా పెద్దమ్మ. పళ్ళు లేని నోట్లో లడ్డూ నలుపుతూ, "ఇగ కలెక్టరమ్మ చీపురు పట్టదు, పెన్నే పడతది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వకుండా నాకు అంబలి పోసింది. తర్వాత మార్క్‌షీటు మంచుకు తడుస్తుందని అడ్డాకుల్లో చుట్టి గుడిసె కప్పులో దోపింది.

తాగుతూ తాగుతూనే నా చెట్టు వైపు చూశాను. నీళ్ళ పక్కన, నున్నగా ఊడ్చి ఉంది. బూడిద గీత తాజాగా ఉంది. చీపురు మొదలుకు ఆనించి ఉంది. వస్తానో రానో తెలియకపోయినా నా కోసం ఊడ్చి పెట్టారు. చెట్టు భలే ఊడ్చావమ్మా అన్నాను. అమ్మ పొయ్యిలో కట్టె సర్దుతూ, తిను అంది. అన్న ఎలుగుబంటి సంగతి ఎత్తాడు, మొన్న పెద్దమ్మ గుడిసె దాకా వచ్చిందట, కుక్కలు తరిమాయట. ఆ కథ చాలాసేపు నడిచింది. అందరికీ తెలుసు. పెద్దమ్మకు తెలుసు, అన్నకు తెలుసు, చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకు అన్నిటికన్నా మండేది అదే. నా కాగితం పట్టుకుని మురిసినవాళ్ళే వాళ్ళంతా.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. ఇప్పపువ్వు వాసన గుడిసె నిండా ఉంది. అమ్మ లేవకముందే గంప నింపి ఆమె తల దగ్గర పెట్టాలనుకున్నాను. అమ్మ గంప తీసుకుని, చెప్పులు విడిచి, గీత దాటి నా చెట్టు కిందికి వెళ్ళాను. ఊడ్చిన నేల మీద పువ్వు, ఎవరో పేలాలు చల్లినట్టు. మీద నుంచి ఒక్కొక్కటి రాలుతూనే ఉంది, నా వీపు మీద, జడలో. రెండేళ్ళయినా వేళ్ళు మర్చిపోలేదు. చీపురు అడ్డమొస్తే పక్కకు జరిపాను. కట్టు నానమ్మ కట్టినట్టు లేదు, అమ్మ కట్టినట్టూ లేదు, ఎర్ర పీలికతో కట్టి ఉంది. చూశాను కూడా. చూసి ఏరుతూనే ఉన్నాను.

గంప ముప్పావు నిండాక, వెలుగు వచ్చాక తలెత్తాను. గీత అవతల వదిన నిలబడి ఉంది. చంకలో గంప. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. రమ్మన్నాను, నువ్వూ ఏరు వదినా అన్నాను. రాలేదు. నేల చూస్తూ నిలబడింది. ఆమె చీర అంచు ఎర్రగా ఉంది, ఒక మూల చింపి ఉంది. అప్పుడు చీపురు కట్టు మళ్ళీ చూశాను.

కొత్త కోడలికి మొదటి ఇప్పకాలంలో చెట్టు చూపించాలి. లేకపోతే చెట్టు లేని ఇంటికి పిల్లనిచ్చామని పుట్టింటివాళ్ళు ఎత్తిపొడుస్తారు. అది నాకు తెలియంది కాదు. అన్న పెళ్ళిలో మూడు రోజులు ఎగిరి ఎగిరి ఆడాను, ఆ ఆలోచనే రాలేదు. ఉన్నవి రెండు చెట్లు. నేను వేరొకరు ఊడ్చిన నేల మీద నిలబడి, వాళ్ళ పువ్వు ఏరి, వాళ్ళనే లోపలికి రమ్మని పిలిచాను. గంప తీసుకెళ్ళి వదిన ఆరబెట్టే చాప మీద కుమ్మరించాను. ఆమె, ఉంచుకో అని గొణిగింది. ఉంచుకోవడానికి నాదైతే కదా.

అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. నా ముఖం చూసి లేచింది. నేను గట్టిగా మాట్లాడలేదు, చుట్టూ అందరూ ఏరుకుంటున్నారు.

"నాకు మాటిచ్చినవ్," అన్నాను.

"ఇచ్చిన."

"ఫోన్ల రావొద్దన్నది దీనికేనా?"

అమ్మ చెయ్యి తుడుచుకుంది. "నువ్వు సదివినవు బిడ్డా. నీకు ఆ కాయితం ఉన్నది. ఆ పిల్లకు ఏమున్నది?"

"నీ చెట్టు ఇయ్యరాదా మరి."

"నాది ఇచ్చి నేను ఎవ్వరి చెట్టు కింద నిలబడాలె?"

"నన్ను ఒక్క మాట అడగొద్దా?"

అమ్మ పొయ్యి మీది కుండ దించింది. తర్వాత, "అడిగితే నువ్వియ్యవు. అందుకే అడగలె," అంది.

ఇచ్చేదాన్ని అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆ అబద్ధం అమ్మ ముందు రాలేదు. ఆ రాకపోవడం ఇంకా కోపం తెప్పించింది. మూడేళ్ళు హాస్టల్లో పలచటి పప్పు తాగి నేను సంపాదించుకున్న కాగితాన్నే, నా చెట్టు నా దగ్గర్నుంచి తీసుకోవడానికి కారణం చేశారు. పాసైతే ఇంటికి మరింత దగ్గరవుతాననుకున్నాను. పైగా ఇంకో మాట కూడా అర్థమైంది. నా ఫలితం రాకముందే చెట్టు చేతులు మారింది. అంటే పాసైనా, కాకపోయినా ఇచ్చేసేవాళ్ళే.

వెంటనే బస్సుకు వెళ్ళిపోదామని సంచి భుజాన వేసుకున్నాను. మార్క్‌షీటు గుడిసె కప్పులో ఉంది. అమ్మను అడగడం ఇష్టం లేదు, అడగకుండా తీయడం చేత కాలేదు. సంచి దించేశాను. అన్న వచ్చి ఏదో చెప్పబోయాడు. నీ పెళ్ళాం చెట్టు మంచి చెట్టు, జాగ్రత్తగా చూసుకోమను అన్నాను. వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు.

చెరువుకు అటు గట్టున ఒక ఇప్పచెట్టు ఉంది. ఎవరి ఇంటి లెక్కలోనూ లేదు. మొదలు వంగి సగం కొమ్మలు నీళ్ళ మీదికి పోయాయి. రాలే పువ్వులో సగం చేపలకే. అందుకే దాన్ని ఎవరూ ఊడ్వరు. ఆ మధ్యాహ్నం చీపురు గడ్డి కోసుకుని, నా చున్నీ అంచు చింపి కట్టుకున్నాను. ఆకులు పోగేసి నిప్పు పెట్టాను. ఎన్నేళ్ళ ఆకులో, పొగ చెరువు మీదుగా మకాం దాకా పోయింది. అటు గట్టు నుంచి పెద్దమ్మ, "కలెక్టరమ్మా, చేపలకు వంట చేస్తున్నవా?" అని అరిచింది. చేతులు బొబ్బలెక్కేదాకా ఊడ్చాను. గట్టు వాలుగా ఉండడంతో గీత సరిగ్గా రాలేదు, ఒకచోట నీళ్ళలోకే పోయింది. చీపురు మొదలుకు ఆనించి అక్కడే పడుకున్నాను. అన్న ఒక కుక్కను తెచ్చి దగ్గర్లో కట్టేసి వెళ్ళాడు.

తెల్లవారి నా నేల మీద పువ్వు పలచగానే రాలింది. మిగతాది టప్ టప్ మని నీళ్ళలో పడుతుంటే చేపలు పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. ఏరడం మొదలుపెట్టాను. ఎంత ఏరినా గంప అడుగు కూడా కప్పలేదు. అయినా ఒక్క పువ్వూ వదలలేదు.

కాసేపటికి గట్టు చుట్టూ తిరిగి ఎవరో వస్తున్న చప్పుడు. కుక్క తోక ఊపింది. చూడకుండానే తెలిసింది. అమ్మ గీత దగ్గర ఆగింది. చేతిలో అంబలి పోసిన సొరకాయ బుర్ర.

"లోపలికి రావొచ్చునా?" అంది.

ఎన్నో ఏళ్ళుగా ఎందరి చెట్ల కిందో విన్న మాటే అది. అమ్మ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. నా చెట్టు వదినకు ఇచ్చేటప్పుడు కూడా.

నేను తలెత్తలేదు. చేతికి అందిన పువ్వు గంపలో వేసి, ఇంకోదానికి వంగాను. అమ్మ పిలవలేదు, వెళ్ళిపోనూ లేదు. చెప్పులు విడిచి, గీత అవతలే నిలబడింది.